పెన్షన్ వచ్చేంత జబ్బు

మా బాబాయి శామ్యూల్ రాజ్‌కి రెండు ఉద్యోగాలు పోయాయి. మొదటిది జబ్బు వల్ల పోయింది. రెండోది ఆ జబ్బుకు వేసుకునే టాబ్లెట్ల వల్ల పోయింది.

మొదటి ఉద్యోగం గుడివాడలో, బట్టల షాపులో చీరల కౌంటరు. జబ్బు మొదలైన కొత్తలో ఆ షాపు మొత్తం మీద బాబాయి అమ్మినన్ని చీరలు ఇంకెవరూ అమ్మలేదట. నిద్ర పట్టకపోవడం, ఆగకుండా మాట్లాడటం, ఎదురొచ్చిన ప్రతి మనిషీ సొంత చుట్టంలా అనిపించడం, ఇవన్నీ జబ్బు లక్షణాలని డాక్టర్లు తర్వాత చెప్పారు. షాపులో మాత్రం హుషారు అన్నారు. యజమాని పిలిచి అందరి ముందూ మెచ్చుకున్నాడు, మిగతావాళ్ళని రాజ్‌ని చూసి నేర్చుకోమన్నాడు. పెదపారుపూడి నుంచి పెళ్ళిబట్టలకు వచ్చిన ఒక కుటుంబం తన సొంత చెల్లెలి కుటుంబమేనని బాబాయికి గట్టిగా అనిపించి, పట్టుచీరలు ఊరికే ఇచ్చేసి, ఆటో ఎక్కించి, వెళ్ళేటప్పుడు కాస్త ఏడ్చిన రోజున అది జబ్బని యజమానికీ తెలిసింది.

తర్వాత ఆసుపత్రి, టాబ్లెట్లు. కాస్త కుదుటపడ్డాక బందరులో హఫీజ్ గారి దగ్గర చేరాడు. ఆయనది రోల్డ్‌గోల్డ్ నగల వర్క్‌షాపు. గొలుసులకు మెరుగు పెట్టి, కడిగి, అట్టలకు గుచ్చడం బాబాయి పని. బాగానే చేశాడు. కానీ కిందటేడాది క్రిస్మస్ ముందు ఊరొచ్చి, యూత్ వాళ్ళతో కలిసి చర్చికి స్టార్లు కడుతూ, ఇంటింటికీ క్యారల్స్‌కి తిరుగుతూ కొన్ని రాత్రులు వరసగా నిద్రపోలేదు. అదే సమయంలో బంగాళాఖాతంలో తుఫాను ఉందని టీవీలో చెప్పారు. బాబాయి ఎవరికీ చెప్పకుండా లేచి, ఏసుప్రభువులా దాన్ని గద్దించి వెనక్కి పంపడానికి సముద్రం ఒడ్డున ఉన్న హంసలదీవి దాకా నడిచి వెళ్ళాడు. అక్కడ చేపలు పట్టేవాళ్ళు చూసి, అన్నం పెట్టి, మోటారుసైకిలు మీద తీసుకొచ్చి మా ఇంటి దగ్గర దింపారు. ఆ తుఫాను నిజంగానే ఒడిశా వైపు తిరిగిపోయింది. దాంతో మా వీధిలో కొందరికి బాబాయి జబ్బు మీద నమ్మకం పోయి, బాబాయి మీద నమ్మకం కుదిరింది. డాక్టరు మాత్రం టాబ్లెట్ డోసు పెంచాడు.

డోసు పెరిగాక మధ్యాహ్నమయ్యేసరికి బాబాయి కూర్చున్నచోటే నిద్రపోయేవాడు. హఫీజ్ గారు మంచాయన. తీసేసేటప్పుడు కూడా టీ తాగించి తీసేశారు.

"నువ్వు దొంగవైతే తాళం వేసుకునేవాణ్ణి బావా. తాగుబోతువైతే నాలుగు తిట్టేవాణ్ణి. నిద్రపోయేవాణ్ణి ఏం చెయ్యమంటావ్ చెప్పు? ఆ పూత తొట్టిలో పడ్డావంటే బంగారం రంగులో తేల్తావు. మీ అమ్మకి నేనేం సమాధానం చెప్పుకోను?" అన్నారట.

ఈ మాట బాబాయే మాకు నవ్వుతూ చెప్పాడు. చెప్పి, బ్యాగు గోడకు తగిలించి, నిద్రపోయాడు.

మా ఊరు అవనిగడ్డ దాటాక కోడూరు వెళ్ళే దారిలో ఉంటుంది. మా ఇంట్లో నాయనమ్మ సుబ్బాయమ్మ, తాపీపని చేసే నాన్న దయానందం, అమ్మ రూతు, నేను, బాబాయి. బాబాయికి ఉన్నదాన్ని మా ఇంట్లో నరాల వీక్‌నెస్ అంటారు. ఆ పేరు నాయనమ్మ పెట్టింది. మందుల చీటీ మీద ఇంకో పేరు ఇంగ్లీషులో ఉంటుంది. నేను ఇంటర్ చదువుతున్నాను కాబట్టి చదవగలను. నన్నెవరూ చదవమని అడగలేదు. అడగకుండా చెప్పే అలవాటు నాకు లేదు.

హఫీజ్ గారి దగ్గర మానేసి వచ్చాక నాన్న ఊరుకోలేదు. ఊరుకునే పరిస్థితీ లేదు. మా చర్చి సంఘ పెద్ద ఏసుపాదం గారికి కాలవ అవతల రొయ్యల చెరువులున్నాయి. అక్కడ రాత్రి కాపలాకి మనిషి కావాలన్నారు. తెల్లవార్లూ మెలకువగా ఉండి, నీళ్ళలో తిరుగుతూ రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోకుండా చూసుకోవాలి. కరెంటు పోతే పరుగెత్తి జనరేటర్ వెయ్యాలి. కన్ను మూస్తే చెరువు మొత్తం చచ్చిపోతుంది.

"రాత్రి నిద్ర మాత్రం చెడకూడదని డాక్టరు చెప్పాడు కదండీ," అంది అమ్మ.

"నాకు తెలియదంటావా రూతూ? తుఫాను సంగతి మర్చిపోయాననుకున్నావా?"

"మరి తెలిసీ పంపుతారా?"

"ఇంకెక్కడికి పంపను? పగలు పనికి పెట్టుకున్నవాళ్ళు నిద్రపోతున్నాడంటున్నారు. రాత్రి పనిలో పగలు నిద్రపోవచ్చు కదా."

అది వినడానికి లెక్క సరిపోయినట్టే ఉంది. గోడవారన పడుకున్న బాబాయి అంతా విన్నాడు. ఆ రాత్రి నా మంచం దగ్గరికొచ్చి, "నాకు భయంగా ఉందే నిస్సీ" అని మాత్రం అన్నాడు.

ఈ గండం గట్టెక్కే దారి మా ఊరి సచివాలయంలో పనిచేసే విక్రమ్ చెప్పాడు. మనసుకు సంబంధించిన జబ్బులకు కూడా వికలాంగుల పెన్షన్ ఉందట. బందరులో క్యాంపు పెడతారు, డాక్టర్లు చూసి ఎంత శాతమో రాసి సర్టిఫికెట్ ఇస్తారు, నలభై ఉంటే పెన్షన్ వస్తుంది. నాన్న ఏసుపాదం గారి దగ్గర కాస్త గడువు అడిగాడు. సర్టిఫికెట్ వస్తే చెరువు లేదు. రాకపోతే ఒకటో తారీఖు నుంచి చెరువు.

క్యాంపు రోజున నాన్నకు స్లాబు పని పడింది. నాయనమ్మా బాబాయీ వెళ్ళాలని, కాగితాలు చదవడానికి నేను కూడా ఉండాలని అనుకున్నారు. నాయనమ్మ ముందురోజే తయారీ మొదలుపెట్టింది. బాబాయికి క్షవరం చేయించింది. గడ్డం తనే దగ్గర కూర్చుని గీయించింది. క్రిస్మస్‌కి కుట్టించిన తెల్లచొక్కా తీసింది.

"పెద్ద డాక్టర్ల ముందుకి వెళ్తున్నాం. రోగిష్టోళ్ళలాగా వెళ్తామా?" అంది.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ ఇస్త్రీపెట్టె వైపు చూసింది.

బయలుదేరే ముందు నాయనమ్మ బాబాయి తల మీద చెయ్యి పెట్టి, "తండ్రీ, డాక్టర్ల యెదుట నా బిడ్డను సిగ్గుపడనియ్యకు" అని ప్రార్థన చేసింది. ఆమె అడిగినది అడిగినట్టే జరిగింది.

క్యాంపులో వరండా నిండా జనం. మా పక్కన జోహ్రా అనే ఆవిడ తమ్ముణ్ణి తీసుకుని కూర్చుంది. అతని జుట్టు చెదిరి ఉంది, చొక్కా గుండీలు ఒకదానికొకటి కలవలేదు. ఆవిడ బాబాయిని తల నుంచి చెప్పుల దాకా చూసింది.

"పేషెంటెక్కడ మామ్మా?"

"వీడేనమ్మా, మా చిన్నోడు."

"ఇదేంటి మామ్మా, పెళ్ళిచూపులకి తీసుకొచ్చినట్టు తీసుకొచ్చావ్? పౌడరు కూడా రాశావే! మా తమ్ముణ్ణి చూడు, పోయిన శుక్రవారం నుంచి గడ్డం గీయనియ్యలా."

"అయ్యో పాపం. చూసుకునేవాళ్ళెవరూ లేరామ్మా?"

"నేను లేనూ? చూసుకోబట్టే ఇట్టా తీసుకొచ్చా."

నాయనమ్మకు ఆ మాట నచ్చలేదు. కొంగు సర్దుకుని అటు తిరిగి కూర్చుంది. బాబాయి మాత్రం ఆలోచనలో పడ్డాడు.

"నిస్సీ, లోపల నేనేం చెప్పాలి?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పు బాబాయ్."

"ఉన్నదంటే… ఇవాళ ఉన్నదా, ఆ రోజు ఉన్నదా?"

ఈలోపు మా పేరు పిలిచారు.

లోపల డాక్టరు ప్రభావతి గారు బాబాయి పాత చీటీలన్నీ ఓపిగ్గా చదివారు. చదివి తలెత్తి, "ఎలా ఉన్నారు రాజ్ గారూ?" అన్నారు.

ఈ ప్రశ్నకు మావాళ్ళ దగ్గర ఒకటే జవాబు ఉంటుంది. అది సండేస్కూల్లోనే వచ్చేస్తుంది. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా, వరదలో ఇల్లు కూలిపోయినా, పక్కమంచం మీద మనిషి ప్రాణం పోతున్నా, ఎలా ఉన్నారని ఎవరైనా అడిగితే అదే చెప్తాం.

"దేవుని కృపను బట్టి బాగున్నానండి," అన్నాడు బాబాయి.

డాక్టరు నాయనమ్మ వైపు తిరిగారు. "మీరు చెప్పండమ్మా. మీ అబ్బాయికి ఎలా ఉంది?"

"ప్రభువు కృపను బట్టి బాగానే ఉన్నాడండి."

ఆమె నన్ను కూడా అడిగారు. అంతమంది పెద్దవాళ్ళ మధ్య నన్నొకరు అడుగుతారని అనుకోలేదు. కంగారులో నా నోట్లోంచీ అదే వచ్చింది.

"స్నానం అదీ తనే చేస్తారా?" అని డాక్టరు మళ్ళీ మొదలుపెట్టారు.

"రెండు పూటలా చేస్తాడండి. మా ఇంట్లో మురిగ్గా ఉండేవాళ్ళెవరూ లేరండి."

"ఇంట్లోవాళ్ళతో మాట్లాడతారా? కోపం, చిరాకు?"

"కోపమనేది ఎరగడండి మావాడు. గొర్రెపిల్లండి."

"రాత్రి నిద్ర?"

"పడుకుంటే పిడుగు పడ్డా లేవడండి."

"ఉద్యోగం చేస్తున్నారా?"

"పోయిందండి," అన్నాడు బాబాయి.

"పోలేదండి, వీడే మానేశాడు," అంది నాయనమ్మ. "వాళ్ళు ఇప్పటికీ రమ్మంటానే ఉన్నారు."

"కాదండి, తీసేశారు," అన్నాను నేను. నా గొంతు సంగతి నాకు తెలుసు. అది పళ్ళ దాకా వచ్చి అక్కడ ఆగిపోతుంది.

"ఏంటమ్మా?" అన్నారు డాక్టరు.

"దాహమేస్తోందంటండి," అంది నాయనమ్మ.

డాక్టరు తన వాటర్ బాటిల్ నా వైపు జరిపారు. నేను తాగాను.

ఆమె పెన్ను కింద పెట్టి, ముగ్గుర్నీ ఒకసారి చూసి, నెమ్మదిగా అడిగారు. "అన్నీ బాగున్నాయంటున్నారు. మరి ఎందుకొచ్చారమ్మా?"

"పెన్షన్ కోసమండి," అంది నాయనమ్మ, అబద్ధం ఆడటం ఎరగని మనిషిలా.

బస్సులో నాయనమ్మకు కునుకు పట్టింది. చల్లపల్లిలో బాబాయి జామకాయలు కొని నాకొకటి ఇచ్చి, "మంచి డాక్టరే పాపం," అన్నాడు.

సర్టిఫికెట్ వచ్చిందని విక్రమ్ కబురు పెడితే నాయనమ్మా నేనూ సచివాలయానికి వెళ్ళాం.

"ముప్పై వచ్చింది మామ్మగారూ," అన్నాడు విక్రమ్.

"అంటే?"

"నలభై ఉండాలండి. అంటే… పెన్షన్ వచ్చేంత జబ్బు మీవాడికి లేదని రాశారు."

నాయనమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పెన్షన్ రాదన్నందుకు బాధపడుతోందనుకున్నాను. ఆమె ఆ మాటలో ముందు సగం వదిలేసి వెనక సగం తీసుకుంది. "జబ్బు లేదని రాశారా? డాక్టర్లే?"

"లేదని కాదండీ, అంత లేదని…"

"స్తోత్రం తండ్రీ!" అని ఆమె అక్కడే, పెన్షన్ల క్యూలో, కళ్ళు మూసుకుంది. క్యూలోవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు.

దారిలో ఆ కాగితానికి లామినేషన్ చేయించింది. మా ఇంట్లో లామినేషన్ చేయించిన కాగితం అంతకుముందు నా పదో తరగతి మార్కుల మెమో ఒక్కటే. సాయంత్రం నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే ఒకటో తారీఖు నుంచి చెరువు మీదకే," అన్నాడు. బాబాయి మొహం చూడకుండా అన్నాడు.

"ఇంకేం భయం? జబ్బు లేదని సర్కారే చెప్పింది కదరా," అంది నాయనమ్మ.

ఒకటో తారీఖు సోమవారం వచ్చింది. ముందురోజు ఆదివారం ఆరాధనలో నాయనమ్మ సర్టిఫికెట్‌ని బైబిలుతో పాటు తీసుకొచ్చి పాస్టరు గారి చేతికిచ్చింది. మా చర్చిలో పాటల తర్వాత సాక్ష్యాలుంటాయి. వారంలో దేవుడు చేసిన మేలు లేచి అందరికీ చెప్పాలి. పరీక్ష పాసైనవాళ్ళు, జ్వరం తగ్గినవాళ్ళు, తప్పిపోయిన గేదె దొరికినవాళ్ళు చెప్తారు. ఆ సమయం వస్తే నేను ముందు కూర్చున్నవాళ్ళ వెనక్కి ఒదుగుతాను. మెమో వచ్చినప్పుడు నా సాక్ష్యం అమ్మ చెప్పింది.

పాస్టరు గారు సర్టిఫికెట్ పైకెత్తి చూపించారు. లామినేషన్ మీద ట్యూబ్‌లైట్ పడి మెరిసింది.

"మనం ప్రార్థన చేస్తే జరిగిందంటే లోకం నమ్మదు. ఇప్పుడేమంటారు? ప్రభుత్వ డాక్టర్లే స్టాంపు వేసి ఇచ్చారు! ఈ ఊళ్ళో బుర్ర సరిగ్గా ఉందని స్టాంపు ఉన్నవాడు ఎవడైనా ఉన్నాడా? ఒక్క మన శామ్యూల్ రాజ్ తప్ప!"

అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఏసుపాదం గారు కూడా కొట్టారు. తన చెరువుకు స్టాంపు ఉన్న కాపలాదారు దొరికాడు కదా.

"రా నాయనా, వచ్చి సాక్ష్యం చెప్పు."

బాబాయి వెళ్ళి మైకు పట్టుకున్నాడు. దాని తీగ సరిచేశాడు. 

"అందరికీ వందనాలండి."

"వందనాలు," అంది చర్చి.

"నాకు జబ్బు ఉందండి."

పాస్టరు గారు నవ్వుతూ, "ఉండేది అని చెప్పు నాయనా," అన్నారు.

"ఉందండి. నరాల వీక్‌నెస్ కాదు. బైపోలార్ అంటారు. ఆ కాగితంలో ముప్పై శాతం ఉందని రాశారు, లేదని రాయలేదు. అది కూడా నేను బాగున్న రోజున తెల్లచొక్కా వేసుకెళ్తే వచ్చిన ముప్పై. దేవుడు నాకు మేలు చెయ్యలేదని నేననను. టాబ్లెట్ వేసుకున్న రోజున ఆయన దేవుడు, నేను మనిషినని తెలుస్తూ ఉంటది. మానేస్తే అదే తారుమారవుద్ది."

వెనక వరసలో ఎవరో అలవాటు కొద్దీ "స్తోత్రం" అని, అనకుండా ఉండాల్సిందేమోనని దగ్గారు.

"రేపటి నుంచి చెరువు మీద రాత్రి కాపలాకి వెళ్తున్నాను. రాత్రిళ్ళు నిద్ర లేకపోతే నాకు మళ్ళీ వస్తది. అన్నయ్యకీ తెలుసు. అన్నయ్య తప్పు లేదండి, ఇంట్లో ఇబ్బంది. నాకు పగటి పని దొరకాలని ప్రార్థన చెయ్యండి. మధ్యాహ్నం కాసేపు పడుకోనిచ్చే పనైతే ఇంకా మంచిది. ఈ సాక్ష్యం దేవుడు దీవించును గాక."

పాస్టరు గారు ప్రార్థన చేద్దామన్నారు. చాలాసేపు చేశారు. రైతుల కోసం, విద్యార్థుల కోసం, దేశనాయకుల కోసం చేశారు. బాబాయి చెప్పిన సంగతి దగ్గరికొచ్చినప్పుడు మాత్రం "ఆయా అవసరతలు" అన్నారు.

బయట చెప్పులు వేసుకునేచోట ఏసుపాదం గారు నాన్నను ఆపారు.

"ముందే ఒక్కమాట చెప్పకూడదా దయానందం? అంత సరుకు చెరువులో పెట్టుకుని…"

"అది కాదండీ, వాడు మామూలప్పుడు…"

"వద్దులే. వేరేవాణ్ణి చూసుకుంటా."

అలా మూడో ఉద్యోగం చేరకముందే పోయింది. నాన్న మాకంటే ముందు విసవిసా నడిచి వెళ్ళిపోయాడు. నాయనమ్మ దారంతా ఏడ్చింది.

"నలుగురిలో దేవుడి పరువు తీశాడే రూతూ."

"చెరువైతే తప్పింది కదా అత్తయ్యా," అంది అమ్మ. ఆ పూట కోడికూరలో మంచి ముక్కలు బాబాయికే వేసింది.

మధ్యాహ్నం నుంచి మా ఇంటికి మనుషులు రావడం మొదలైంది. మొదట మా వీధి చివర ఉండే ప్రేమ ఆంటీ కరివేపాకు కోసం వచ్చింది. వాళ్ళింట్లో కరివేపాకు చెట్టు మా దానికంటే పెద్దది.

"రాజ్ లేడా? ఆ టాబ్లెట్ పేరేదో అడుగుదామని… నాక్కాదులే, మా చెల్లెలికి."

తర్వాత ఒకాయన తన స్నేహితుడి కోసమని వచ్చాడు. ఇంకొకావిడ ఊరికే తెలుసుకుందామని వచ్చింది. ఎవరూ తమ కోసం రాలేదు. బాబాయి అందరికీ ఒకటే చెప్పాడు. "నా టాబ్లెట్ మీరు వేసుకోకూడదండి. ముందు డాక్టరుకి చూపించాలి," అని బందరు ఆసుపత్రికి ఏ రోజు వెళ్ళాలో, ఏ కిటికీ దగ్గర చీటీ రాస్తారో వివరంగా చెప్పాడు.

పొద్దు గూకే వేళ ఏసుపాదం గారు స్కూటర్ మీద వచ్చారు. నాన్నతో కాసేపు ఇటుకల రేటు మాట్లాడారు. తర్వాత పెరట్లోకి వచ్చి బాబాయి పక్కన బల్ల మీద కూర్చున్నారు. నేను అంట్లు తోముతున్నాను. నేనున్న చోట పెద్దవాళ్ళు మాటలు ఆపరు. నేనున్నానని వాళ్ళకు తట్టదు.

"మా అరుణ్ సంగతి రాజ్."

అరుణ్ ఆయన కొడుకు. హైదరాబాదులో కంపెనీలో చేరి, సంక్రాంతికి ముందే వచ్చేశాడు. వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఊరంతటికీ చెప్పారు.

"వర్కూ లేదు ఏమీ లేదు. ల్యాప్‌టాప్ కూడా వాళ్ళకిచ్చేసి వచ్చాడు. గదిలోంచి బయటికి రాడు. గోడతో మాట్లాడతాడు. అన్నంలో ఏదో కలిపామంటాడు. మీ పిన్ని ఏడవని రోజు లేదు."

"మన పాస్టరు గారికి చెప్పారా బాబాయ్?" అన్నాడు మా బాబాయి. ఏసుపాదం గారిని ఆయన వరసకు బాబాయ్ అనే పిలుస్తాడు.

"వద్దు వద్దు! చర్చిలో తెలిస్తే ఇంకేమైనా ఉందా?"

పొద్దున చర్చిలో ఏం జరిగిందో ఆ క్షణంలో ఆయనకు గుర్తున్నట్టు లేదు. బాబాయికీ గుర్తు చెయ్యాలనిపించలేదు. మర్నాటి నుంచి రోజూ వెళ్ళి అరుణ్ గది బయట కూర్చోవడం మొదలుపెట్టాడు. తలుపు తియ్యమని అడగలేదట. గుడివాడ చీరల సంగతీ తుఫాను సంగతీ చెప్పేవాడట. తుఫాను దగ్గరికొచ్చేసరికి లోపలి నుంచి, "తర్వాత?" అని వినిపించిందట.

ఏసుపాదం గారు జీతం మాట ఎత్తలేదు. బాబాయీ ఎత్తలేదు.

నాన్న మాత్రం బాబాయి కోసం మళ్ళీ తిరిగాడు. అప్పీలు పెట్టుకుంటే ఇంకోసారి చూస్తారని విక్రమ్ చెప్పాడు. ఆ కాగితాలు బందరు ఆసుపత్రి కౌంటర్లో ఇవ్వాలి. అప్పటికి అరుణ్ తలుపు తీశాడు, బాబాయి తోడుంటే డాక్టరు దగ్గరికి వస్తానన్నాడు. అతన్ని తీసుకెళ్ళే రోజునే అవీ ఇచ్చేద్దామనుకున్నారు. నింపడానికి నన్ను రమ్మన్నారు. ఈసారి నాయనమ్మ రేజరు దాచేసింది. మాసిన చొక్కా తనే తీసిచ్చింది. ఇవ్వడానికి ఆమెకు ఎంత కష్టంగా ఉందంటే, ఇచ్చేముందు దాన్ని ఒకసారి దులిపి మడత పెట్టింది.

ఆసుపత్రిలో ఏసుపాదం గారికి ఏమీ తెలియలేదు. చెరువుల దగ్గర అంతమంది మీద అరిచే మనిషి, ఆ క్యూల మధ్య మా నాయనమ్మలా నిలబడిపోయారు. బాబాయే చీటీ రాయించాడు, ఏ ఫ్యాను తిరుగుతుందో చూసి అరుణ్‌ని దాని కింద కూర్చోబెట్టాడు, మూత తీయని నీళ్ళ సీసా అతని చేతికే ఇచ్చి అతన్నే మూత తీసుకుని తాగమన్నాడు. అరుణ్ దారి పొడుగునా బాబాయి చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

మా నంబరు దగ్గర పడినప్పుడు లోపలున్న డాక్టరు ఎవరో కనిపించింది. ప్రభావతి గారు.

బాబాయి వెనక్కి జరిగాడు. "ఓర్నాయనో, ఈవిడే! పేషెంటుని వెంటబెట్టుకుని ఇట్టా కనపడ్డానంటే ముప్పై కాస్తా ఇరవై అవుద్ది నిస్సీ."

"నువ్వు బయటే ఉండు బాబాయ్," అన్నాను.

"ఆఁ, అదే. మీరు తీసుకెళ్ళండి బాబాయ్," అని ఫైలు ఏసుపాదం గారికిచ్చాడు.

"రా నాన్నా, నేనున్నాగా," అన్నారు ఏసుపాదం గారు. అరుణ్ ఆయన వైపు చూడలేదు. బాబాయి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

లోపలి నుంచి అరుణ్ పేరు పిలిచారు. మళ్ళీ పిలిచారు. బాబాయి నా చేతిలోని అప్పీలు కాగితాల వైపు చూశాడు. అరుణ్ వేళ్ళ వైపు చూశాడు. మాసిన చొక్కా కాలరు సరిచేసుకుని లోపలికి వెళ్ళాడు. తెర పక్కన నిలబడితే నాకు అంతా వినిపించింది.

"ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడు?" అని డాక్టరు అడిగితే ఏసుపాదం గారు గొంతు సవరించుకున్నారు, అంతే. బాబాయి చెప్పాడు. నిద్ర ఎప్పుడు చెడిందో, మాటలు వినపడటం ఎప్పుడు మొదలైందో, అన్నం విషయంలో భయం ఎప్పుడు పట్టుకుందో, ఏ మాటంటే బెదిరిపోతాడో, ఏ మాటంటే వింటాడో, ఒకదాని తర్వాత ఒకటి చెప్పాడు. దేవుని కృపను బట్టి బాగున్నాడని మాత్రం చెప్పలేదు.

"ఇంత వివరంగా ఇంట్లోవాళ్ళు కూడా చెప్పరండీ. మిమ్మల్నెక్కడో చూశాను," అన్నారు డాక్టరు.

"శామ్యూల్ రాజ్ అండి. క్యాంపులో ముప్పై వేశారు."

"ఆఁ… తెల్లచొక్కా. అప్పీలు పెట్టారా?"

"ఇవాళే పెడుతున్నానండి."

"ఈ అబ్బాయికి మీరేమవుతారు?"

"ఊరివాళ్ళమండి."

"బాగా చూసుకుంటున్నారు," అన్నారు ఆమె. ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి నాయనమ్మ చర్చిలో కృతజ్ఞత కానుక వేసేది. బాబాయి, "అంత బాగా ఏం కాదండి," అనడం వినిపించింది.

బయటికొచ్చాక బెంచీ మీద కూర్చుని అప్పీలు కాగితం నింపాను. జబ్బు వల్ల పని చెయ్యడంలో ఉన్న ఇబ్బంది రాయమని ఒకచోట ఉంది. బాబాయి అప్పుడు ఏసుపాదం గారికి ఏ టాబ్లెట్ పొద్దున, ఏది రాత్రి అని చెప్తున్నాడు. ఆయనకు అర్థం కాలేదని మళ్ళీ మొదటి నుంచి చెప్తున్నాడు.

"ఇక్కడేం రాయను బాబాయ్?"

"పని చెయ్యలేకపోతున్నాడని రాయవే. ఉన్నదే కదా," అని మళ్ళీ అటు తిరిగాడు.

రాశాను. సంతకం కోసం కాగితం ఆయన ముందు పెట్టాను. కుడిచెయ్యి అరుణ్ దగ్గర ఉంది. బాబాయి దాన్ని లాక్కోలేదు. ఎడంచేత్తో పెన్ను పట్టుకుని, చిన్నపిల్లలు రాసినట్టు వంకరటింకరగా సంతకం చేశాడు.

కౌంటర్లో ఉన్నతను దాన్ని చూసి, "ఇదేంటండీ, సంతకం ఇట్టా ఉంది? సరిగ్గా పెట్టండి," అన్నాడు.

"ఇప్పుడు చెయ్యి ఖాళీ లేదండి," అన్నాడు బాబాయి.